ఇసుక ఊళ్లో మొదటి అల

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. వచ్చే ఫిబ్రవరిలో మావారు, పదకొండేళ్ల మా బాబుతో కలిసి శ్రీలంక వెళ్తున్నాం. అక్కడ దక్షిణ తీరంలోని వెలిగమ బీచ్‌లో సర్ఫింగ్, అంటే బోర్డు మీద నిలబడి అలల మీద జారడం, నేర్చుకుంటానని బాబు పట్టుబడుతున్నాడు. నాకూ లోపల ఆశగానే ఉంది. కానీ నాకు వచ్చిన ఈతల్లా స్విమ్మింగ్ పూల్‌లో ఆ చివరి నుంచి ఈ చివరికి, అంతే. సముద్రంలో మోకాలి లోతు దాటి ఎప్పుడూ వెళ్లలేదు. "టీచర్ పక్కనే ఉంటారు, ఈత రాకపోయినా పర్వాలేదు" అని టూర్ మాట్లాడినవాళ్లు అంటున్నారు. నిజమేనా? ఈ వయసులో మొదలుపెట్టొచ్చా?
— ఒక పాఠకురాలు

జవాబు: నేను మొదటిసారి సర్ఫ్ బోర్డు మీద పడుకున్నది 44వ ఏట, అదీ ఆ వెలిగమలోనే. కాబట్టి వయసు గురించి టెన్షన్ వద్దు. ఈత గురించి మీకు చెప్పిన మాట మాత్రం దయచేసి నమ్మకండి.

నేర్చుకునే చోట నీళ్లు నడుము లోతే ఉంటాయి, నిజమే. కానీ అల పడేసినప్పుడు ఆ నడుము లోతులోనే రెండు మూడు సెకన్లు పైకి ఏది, కిందకి ఏది తెలియదు. బోర్డును కాలికి కట్టే తాడు ఉంటుంది, దాన్ని లీష్ అంటారు. అది ఎప్పుడైనా తెగొచ్చు. బోర్డు దూరమైతే మిమ్మల్ని తేల్చాల్సింది మీ ఈతే. ఇంకా నెలలున్నాయి కదా, ఇప్పటి నుంచే పూల్‌కి వెళ్లండి. వేగంగా ఈదడం అవసరం లేదు. వెల్లకిలా కదలకుండా రెండు నిమిషాలు తేలడం, ముక్కులోకి నీళ్లు పోయినా కంగారు పడకుండా లేచి నిలబడడం, గోడ పట్టుకోకుండా వంద మీటర్లు నెమ్మదిగా వెళ్లడం. ఈ మూడూ వచ్చాక విమానం ఎక్కండి. బాబుకూ ఇదే నియమం.

ఇక చోటు. మీరు మంచి చోటే ఎంచుకున్నారు. సింహళంలో 'వెలి' అంటే ఇసుక, 'గమ' అంటే గ్రామం. పేరుకు తగ్గట్టే అది వంపు తిరిగిన పెద్ద ఇసుక తీరం, బోర్డులు తేలే చాలా మేర కింద రాయి ఉండదు. అల పుట్టుక చూస్తే దీని విలువ తెలుస్తుంది. లోతు తగ్గేకొద్దీ అల అడుగు భాగం నేలను రాసుకుని నెమ్మదిస్తుంది, పై భాగం అదే ఊపుతో ముందుకు వాలి విరుగుతుంది. నేల ఒక్కసారిగా ఎత్తయితే అల గోడలా లేచి దభాలున పడుతుంది. వెలిగమలోలాగా నేల కొద్దికొద్దిగా ఎత్తయితే అల పైనుంచి మెల్లగా నురగై జారుతుంది. కొత్తవాళ్లకు కావాల్సింది ఆ రెండో రకం. కొద్ది కిలోమీటర్ల అవతల మిడిగమ ఉంది, అక్కడ అలలు రాతి దిబ్బల మీద విరుగుతాయి. అందమైన అలలే, కానీ పడితే కాలికి తగిలేది రాయి. ఎవరు రమ్మన్నా ఈ ప్రయాణంలో అటు వెళ్లకండి.

ఫిబ్రవరి కూడా సరైన నెల. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా దక్షిణ తీరంలో సముద్రం మాట వింటుంది. నీళ్లు 27, 28 డిగ్రీలుంటాయి, చలి ఆపే వెట్‌సూట్ అక్కర్లేదు. పొడుగు చేతుల రాష్ గార్డ్ (ఒంటికి అతుక్కునే ఈత చొక్కా), మోకాళ్ల దాకా వచ్చే లెగ్గింగ్స్ వేసుకోండి. ఎండ కోసమే కాదు, బోర్డు మీద బోర్లా పడుకుని పాకడంలో పొట్ట, మోకాళ్లు ఒరుసుకుపోతాయి. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు, మొదటి రాత్రి బోర్లా పడుకోలేకపోయాను.

మొదటి రోజు ఎలా ఉంటుందో చెప్తాను. ఒడ్డున ఇసుక మీద బోర్డు పెట్టి, పడుకుని, ఒక్క ఊపులో లేచి నిలబడడం ఓ ఇరవై సార్లు చేయిస్తారు. దాన్ని పాప్-అప్ అంటారు. విసుగ్గా ఉన్నా పూర్తిగా చేయండి. తర్వాత నీళ్లలోకి. నాకు నేర్పిన కుర్రాడికి ఇరవై రెండేళ్లుంటాయి. నన్ను "అక్కా" అని పిలిచాడు. సింహళంలోనూ అక్కను అక్కా అనే అంటారు, ఆ ఒక్క పిలుపుతో నా భయం సగం పోయింది. అతను మొదటి గంటంతా నన్ను విరిగిపోయిన అలల్లోనే ఉంచాడు. తెల్లటి నురగ వచ్చి వెనక నుంచి తోస్తుంది, మీరు దాని మీద ఒడ్డు వైపు జారతారు. లేచి నిలబడకపోయినా ఆ జారడమే ఎంత సంతోషమో! కనీసం రెండు రోజులు ఆ నురగలోనే ఉండండి. "వెనక అలలకి వెళ్దామా" అని టీచరే అడిగినా, ఇంకోరోజు చూద్దామనండి. అక్కడ అల ఇంకా విరిగి ఉండదు, దాన్ని మీరే ఎంచుకోవాలి, మీరే చేతులతో తోసుకుని అందుకోవాలి. పాదాలు తడబడకుండా నురగ మీద పదిసార్లు నిలబడ్డాక దానికి అర్థం ఉంటుంది.

నేను మాత్రం తొందరపడ్డాను. మూడో రోజు పాఠం అయిపోయాక ఒక్కదాన్నే బోర్డు అద్దెకు తీసుకున్నాను. అద్దెకిచ్చినాయన గట్టి ఫైబర్ బోర్డు చేతిలో పెట్టాడు, నేను మెత్తటిది కావాలని అడగలేదు. నడుము లోతులో నిలబడి, బోర్డును నా ముందు అడ్డంగా పట్టుకుని, అల వైపు చూస్తున్నాను. నురగ వచ్చి ఆ బోర్డును తిన్నగా నా పక్కటెముకలకు కొట్టింది. మూడు వారాలు దగ్గితే నొప్పి. అందుకే మీకూ బాబుకూ గట్టిగా చెప్తున్నా: అలకీ మీకూ మధ్య బోర్డు ఎప్పుడూ ఉండకూడదు. అది మీ పక్కన ఉండాలి, దాని ముక్కు అలకి ఎదురుగా ఉండాలి. పెద్దవాళ్లకు ఎనిమిది, తొమ్మిది అడుగుల మెత్తటి ఫోమ్ బోర్డు అడగండి, పొడవు ఎక్కువైతే ఊగకుండా నిలుస్తుంది. పడేటప్పుడు తల ముందుగా దూకకండి, చదునుగా పడండి. పైకి వచ్చేటప్పుడు రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకుని రండి.

వెలిగమలో నాకు అలల కన్నా జనమే ఎక్కువ భయం. సీజన్లో ఉదయం ఎనిమిది దాటాక నీళ్ల నిండా కొత్తవాళ్లే, వాళ్ల బోర్డులు చేతులు జారి ఎటు పడితే అటు వస్తుంటాయి. ఆరున్నరకే దిగండి. ఆ వేళ గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తే అల నున్నగా ఉంటుంది కూడా. విరుగుతున్న చోటుకి ఎవరు దగ్గరగా ఉంటే ఆ అల వాళ్లది, ఆ దారిలోకి రెండోవాళ్లు దిగకూడదు. బాబుకి ఈ నియమం ఇంటి దగ్గరే నేర్పండి, పిల్లలు త్వరగా పట్టుకుంటారు.

ఇంకొక్కటి. అలల మధ్యలో నురగ లేకుండా ప్రశాంతంగా కనిపించే నీటి దారి ఉంటే, సురక్షితమని అటు వెళ్లకండి. ఒడ్డుకొచ్చిన నీళ్లు తిరిగి లోపలికి పోయే దారి అది కావచ్చు. అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈది అలిసిపోవద్దు. బోర్డు వదలకుండా, తీరానికి సమాంతరంగా పక్కకి వెళ్లి, నురగ ఉన్న చోట బయటికి రండి.

కొలంబో ఫోర్ట్ నుంచి మాతర వెళ్లే రైలు వెలిగమలో ఆగుతుంది. కొలంబో నుంచి గాలే అనే ఊరి దాకా కుడి పక్క కిటికీ దొరికితే సముద్రం పక్కనే వస్తుంది. అలసటతో చేతులు పైకి లేవని మధ్యాహ్నం ఊళ్లోకి నడిచి కుష్ఠరాజగల చూడండి, పెద్ద బండలో చెక్కిన పాత శిల్పం. చర్మవ్యాధి వచ్చిన ఒక రాజు ఇక్కడ కొబ్బరి తిని బాగయ్యాడని కథ చెప్తారు.

ప్రశ్న: మాకు సెలవులు జులైలోనే దొరుకుతాయి. అప్పుడు వెలిగమ వెళ్తే నేర్చుకోవచ్చా?
— ఒక పాఠకుడు

జవాబు: జులైలో వద్దండి. నైరుతి రుతుపవనాల వేళ ఆ తీరంలో గాలి, అల రెండూ గజిబిజిగా ఉంటాయి. వాన పడితే నది నీళ్లు కలిసి సముద్రం మట్టి రంగులోకి మారుతుంది. అదే దేశంలో తూర్పు తీరానికి అప్పుడే సీజన్. పొత్తువిల్ దగ్గర అరుగం బే అని ఉంది. పేరు విని నేరుగా అక్కడి మెయిన్ పాయింట్ అనే అలల చోటికి వెళ్లకండి, అది అనుభవం ఉన్నవాళ్లది. బేబీ పాయింట్ అనే చోటు కానీ, ఉత్తరాన ఉన్న విస్కీ పాయింట్ కానీ అడగండి. కొలంబో నుంచి రోడ్డు ప్రయాణం చాలా దూరం, దిగిన రోజే పాఠం పెట్టుకోకండి.

ప్రశ్న: నాకు మైనస్ నాలుగు పవర్. కళ్లద్దాలు లేకుండా సర్ఫింగ్ ఎలా? లెన్స్ పెట్టుకోవచ్చా?
— డిగ్రీ విద్యార్థిని

జవాబు: నాదీ దాదాపు అదే పవరమ్మా. లెన్స్ పెట్టుకుని నీళ్లలో దిగవద్దనే కంటి డాక్టర్లు చెప్తారు, నీళ్లలోని సూక్ష్మజీవులు లెన్స్ కింద చేరితే కంటికే ప్రమాదం. నేను ఏమీ లేకుండానే దిగుతాను. నురగలో నేర్చుకునేటప్పుడు చూడాల్సింది ఇరవై అడుగుల దూరమే, అది మసకగానైనా తెలుస్తుంది. దూరం నుంచి వచ్చే అలను టీచర్ చూసి "పాడిల్" అని, అంటే చేతులతో నీళ్లు తోయమని, అరుస్తారు. కానీ పాఠం మొదలయ్యేముందే నీకు సరిగా కనపడదని వాళ్లకి చెప్పాలి, చెయ్యి ఊపి చేసే సైగలు నీకు అందవు, గొంతుతోనే పిలవమను. ఒడ్డున రంగు గొడుగు లాంటి గుర్తు ఒకటి పెట్టుకుని, ప్రతి అలకీ అది ఎటు ఉందో చూసుకో. అలలు తెలియకుండానే పక్కకి జరిపేస్తుంటాయి. కళ్లద్దాలు మాత్రం బ్యాగులో కాదు, వాటి పెట్టెలోనే పెట్టు. ఇసుక పడితే గీతలు పోవు.