లాన్ చానీ అంతగా ముఖాలు ఎలా మార్చేవాడు? ఆ పద్ధతులు మన నాటికలకు పనికొస్తాయా?

అడిగిన ప్రశ్న ఇది: మూకీల కాలపు హాలీవుడ్ నటుడు లాన్ చానీ తన మేకప్ తానే వేసుకునేవాడంటారు. రబ్బరు తొడుగులు లేని రోజుల్లో అది ఎలా సాధ్యమైంది? పరిషత్తు నాటికలు ఆడే మాకు అందులో పనికొచ్చేదేమైనా ఉందా?

ఉంది. కానీ వేటి జోలికి వెళ్ళకూడదో కూడా తెలుసుకోవాలి. చానీ చేసిన పనుల్లో సగం రెండు మూడు నిమిషాల షాట్ కోసం చేసినవి. షాట్ అయిపోగానే పట్టీలు విప్పేసుకునే వీలు ఆయనకుంది. గంటసేపు తెర దిగకుండా నడిచే నాటికలో మీకు ఆ వీలు లేదు. ఏ పద్ధతినైనా ముందు ఈ లెక్కతోనే చూడండి.

ఆయన ఈ విద్య నేర్చుకున్నది వేషాల కోసం. 1883 ఏప్రిల్ 1న కొలరాడో స్ప్రింగ్స్‌లో పుట్టాడు. అమ్మానాన్నలిద్దరికీ వినికిడి లేదు, కాబట్టి ఇంట్లో మాటలన్నీ చేతులతోనూ ముఖంతోనే. తల్లి జబ్బుతో మంచాన పడ్డాక ఊళ్ళో విశేషాలన్నీ ఆమెకు అభినయించి చూపేవాడట. తర్వాత ఊరూరా తిరిగే సంగీత నాటక కంపెనీల్లో చాలా ఏళ్ళు పనిచేసి, 1913 ప్రాంతంలో యూనివర్సల్ స్టూడియోలో చేరాడు. చిన్న వేషాలకు అక్కడ రోజు లెక్కన మనుషుల్ని తీసుకునేవారు. ఇవాళ ఒక నావికుడు కావాలి, రేపు ఒక ముసలివాడు, ఎల్లుండి ఒక దొంగ. ఒకే ముఖం ఉన్నవాడికి వారంలో ఒకరోజు పని దొరికితే, మేకప్ పెట్టెతో మూడు ముఖాలు చూపగలిగినవాడికి మూడు రోజులు దొరుకుతుంది. ఐదేళ్ళలో ఆయన అక్కడ నూరుకు పైగా సినిమాల్లో కనిపించాడు. వాటిలో చాలా భాగం ఇప్పుడు దొరకవు. జీతం పెంచమంటే ఒప్పుకోకపోవడంతో 1918లో బయటికొచ్చాడు. 1919లో వచ్చిన 'ద మిరకిల్ మ్యాన్'లో మెలికలు తిరిగిన కాళ్ళూచేతులూ ఒక్కొక్కటిగా సాపు చేసుకుని లేచి నిలబడే దొంగ వికలాంగుడి వేషంతో పేరు వచ్చింది. ఆ సినిమాలో ఇప్పుడు కొన్ని నిమిషాలే మిగిలాయి, అదృష్టం కొద్దీ ఆ ఘట్టం వాటిలో ఉంది.

ఇక్కడ ఒక మాట. మన దగ్గర క్యారెక్టర్ ఆర్టిస్టు అంటే తండ్రి, బాబాయి, ఊరి పెద్ద అనుకుంటాం. ఆనాటి హాలీవుడ్‌లో హీరో హీరోయిన్లు పోగా మిగిలిన విలన్లు, ముసలివాళ్ళు, విదేశీయులు, వికలాంగులు అంతా క్యారెక్టర్ నటుల కిందికే వచ్చేవారు. చానీ ఆ వరసలోంచి వచ్చి, ఆ వేషాలతోనే పోస్టరు మీద మొదటి పేరు సంపాదించాడు.

ఆయన ఫోటోలు చూసి రంగులు ఎత్తిరాయకండి. చాలామంది చేసే మొదటి పొరపాటు ఇదే. ఆనాటి ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముకు ఎరుపు కనిపించదు, నీలం అతిగా కనిపిస్తుంది. పెదాలకు ఎర్రరంగు వేస్తే తెరమీద నల్లగా పడేది, నీలి కళ్ళు తెల్లగా వెలిసిపోయినట్టు వచ్చేవి. అందుకే బుగ్గలో గుంట చూపించాలంటే ఎరుపు కలిసిన ముదురు రంగు చాలు, తెరమీద అది లోతైన నీడగా తేలుతుంది. ఎరుపును కూడా పట్టే పాన్‌క్రోమాటిక్ ఫిల్ము 1922 నుంచే అమ్మకానికి ఉన్నా, స్టూడియోలన్నీ దానికి మారేసరికి ఆ దశాబ్దం చివరికొచ్చింది. మీ వేదిక మీద ఇదంతా లైటును బట్టి మారుతుంది. ఎర్ర లైటు కింద ఎర్రగీతలు మాయమవుతాయి, ఆకుపచ్చ లైటు కింద అవే నల్లబడతాయి. కాబట్టి ముడతల గీతలు గోధుమరంగులో, కొంచెం బూడిదరంగు కలిపి వేసుకోండి. మీ లైట్లు వేయించుకుని, ఆడిటోరియం చివరి వరసలో ఒకర్ని కూర్చోబెట్టి చూపించుకోకుండా రంగు ఖాయం చేయకండి.

ఇక సామాను. ఆయన పెట్టె ఇప్పుడు లాస్ ఏంజెలెస్ కౌంటీ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉంది. అందులో వాడినవి మన మేకప్‌మ్యాన్లకు కొత్తవేం కావు: గ్రీజ్‌పెయింట్ (జిడ్డు రంగు), స్పిరిట్ గమ్ (చర్మానికి అంటించే జిగురు), క్రేప్ హెయిర్ (గడ్డం మీసాలకు అతికించే జుట్టు), నోస్ పుట్టీ (ముక్కు ఆకారం మార్చే ముద్ద), దూది. మన దగ్గర అంతగా వాడనివి రెండు, కొలోడియన్, గట్టాపెర్చా.

ఎముకల్లాంటి బుగ్గలు, ఉబ్బిన నుదురు ఆయన దూదితోనూ కొలోడియన్‌తోనూ కట్టేవాడు. కొలోడియన్ అంటే ఈథర్, ఆల్కహాల్ మిశ్రమంలో కరిగించిన నైట్రోసెల్యులోజ్. పూయగానే ఈథర్ ఎగిరిపోయి గట్టి పొర మిగులుతుంది. దూదిని పల్చగా సాగదీసి చర్మానికి అంటించి, పైన కొలోడియన్ అద్ది, ఆరనిచ్చి, మళ్ళీ ఒక పొర. అంచులు సన్నగా వచ్చేదాకా ఇంతే. పైన గ్రీజ్‌పెయింట్, పౌడరు. రోజూ కొత్తగా కట్టాలి. కట్టిన ప్రతిసారీ ఒకే కొలత రావాలి, లేకపోతే నిన్నటి షాట్‌లో ముఖం వేరు, ఇవాళ్టి ముఖం వేరు. ఫోమ్ రబ్బరు ముక్కలు 1930ల చివరిదాకా హాలీవుడ్‌లోకి రాలేదని గుర్తుంచుకుంటే, చానీ చేతి కొలత ఎంత నికార్సైనదో తెలుస్తుంది.

మీరు మాత్రం కొలోడియన్ వాడకండి. ఇట్టే అంటుకుంటుంది, ఆ ఆవిరి చిన్న గ్రీన్‌రూములో తల తిప్పుతుంది, ఆరేటప్పుడు చర్మాన్ని లాగి ముడతేస్తుంది. ఆ గుణాన్నే గాయపు మచ్చలు చూపడానికి వాడతారు, కానీ ఒకేచోట మళ్ళీ మళ్ళీ పూస్తే నిజమైన మచ్చ మిగిలిపోతుంది. బదులుగా లిక్విడ్ లేటెక్స్, అంటే ద్రవరూపంలోని రబ్బరు, తీసుకోండి. ముందురోజు మోచేతి మడతలో ఒక చుక్క రాసి ఇరవై నాలుగు గంటలు చూడండి. దురద, దద్దురు వస్తే లేటెక్స్ ఆ మనిషికి పడదు. ముఖం సబ్బుతో కడిగి జిడ్డు లేకుండా తుడవండి. కనుబొమలకు, మీసం జుట్టుకు పెట్రోలియం జెల్లీ పట్టించండి, లేకపోతే తీసేటప్పుడు వెంట్రుకలు ఊడొస్తాయి. ఒక పల్చటి పొర లేటెక్స్, దాని మీద పొరలు విడదీసిన టిష్యూ కాగితం, మళ్ళీ లేటెక్స్. ఇలా మూడు నాలుగు పొరలు చాలు. ఒక్కో పొర పూర్తిగా ఆరాకే మరొకటి. తొందరపడి మందంగా పూస్తే పైన ఆరి, లోపల తడి మిగిలి, రెండో రంగం వచ్చేసరికి బుగ్గ జారిపోతుంది. కంటి రెప్పల దగ్గరికి దేన్నీ తీసుకెళ్ళకండి.

నోస్ పుట్టీ ఇప్పటికీ బాగా పనికొస్తుంది, కానీ మన ఎండల్లో జాగ్రత్త. ముక్కు వంపు మార్చడానికి పెద్ద గోళీ అంత ముద్ద చాలు. అంతకంటే ఎక్కువ పెడితే లైట్ల వేడికీ చెమటకీ మెత్తబడి కిందికి దిగుతుంది. ముక్కు మీద ముందు స్పిరిట్ గమ్ రాసి, అది జిగురుగా అయ్యాక ముద్ద పెట్టి, తడివేలితో అంచులు కలపండి. నవ్వితే కదిలే చోట, అంటే ముక్కు పక్కలు బుగ్గలో కలిసే మడతలో, పుట్టీ పెట్టకండి. మొదట అక్కడే పగులుతుంది.

'ద ఫాంటమ్ ఆఫ్ ది ఆపెరా' (1925) లోని పుర్రె ముఖం గురించి రకరకాల కథలున్నాయి. ముక్కులో తీగ పెట్టి పైకి లాగాడని, నెత్తురు కారిందని ఆ సినిమాకు పనిచేసినవాళ్ళే చెప్పారు. ఫిష్‌స్కిన్ అనే పల్చటి పారదర్శక పొరతో చేశాడన్నది రెండో మాట. ముక్కు కొనకు స్పిరిట్ గమ్‌తో పొర అంటించి, పైకి లాగి ముక్కు దూలం మీద అతికించి, ఆ అతుకు రంగు కింద దాచడం. నాకు రెండోదే నమ్మదగ్గదిగా ఉంది, అయితే రెండూ కలిపి వాడి ఉండొచ్చు. ముక్కు రంధ్రాల చుట్టూ నల్లరంగు, బుగ్గ ఎముకల మీద ఎత్తు, పళ్ళ తొడుగు, వెనక్కి అతికించిన చెవులు, అతుకుల జుట్టున్న ఎత్తైన నుదుటి టోపీ. ఇన్నీ కలిస్తేనే ఆ ముఖం. ఫిష్‌స్కిన్ బదులు పారదర్శకమైన సర్జికల్ టేపు వాడుకోవచ్చు. ఊపిరి సరిగ్గా ఆడుతోందో లేదో డైలాగు గట్టిగా చెప్పి చూశాకే రంగు వేయండి. చానీ మూకీలో చేశాడు, మీరు మాట్లాడాలి.

పళ్ళ సంగతీ అంతే. ఆయన గట్టాపెర్చాతో పళ్ళు చేసుకునేవాడు. మలయా ప్రాంతపు చెట్టు పాలతో తయారయ్యే ఈ పదార్థం వేడినీళ్ళలో మెత్తబడి, చల్లారితే గట్టిపడుతుంది. ఇప్పటికీ డాక్టర్లు రూట్ కెనాల్ చేసి పంటి లోపల నింపేది దీన్నే. తొడుగు పళ్ళు పెట్టుకుంటే స, శ, ఫ అక్షరాలు తేలిపోతాయి. పెట్టుకోవాల్సిందే అయితే డెంటల్ టెక్నీషియన్ చేత అక్రిలిక్‌తో చేయించుకుని, కనీసం పది రిహార్సళ్ళు వాటితోనే ఆడండి.

అసలు అనుకరించకూడనివి ఒంటి బంధనాలు. 'ద పెనాల్టీ' (1920) లో మోకాళ్ళ దగ్గర కాళ్ళు తెగిపోయిన బ్లిజర్డ్ పాత్ర కోసం పిక్కలు వెనక్కి మడిచి తొడలకు పట్టీలతో బిగించి, మోకాళ్ళను తోలు తొడుగుల్లో పెట్టి, చంకకర్రల మీద నడిచాడు. వెనక ఎత్తు కనపడకుండా పొడుగు కోటు. రక్తం ఆడదు కాబట్టి కొద్ది నిమిషాలకోసారి విప్పాల్సి వచ్చేది. 'ద హంచ్‌బ్యాక్ ఆఫ్ నోటర్‌డామ్' (1923) గూని బరువు 70 పౌండ్లని అప్పట్లో ప్రచారం చేశారు. పరిశోధించినవాళ్ళు దాదాపు 20 పౌండ్లే అంటారు. 20 అన్నా తొమ్మిది కిలోలు. అది వీపు మీద వేసుకుని చర్చి గోడ ఎక్కడం తేలిక కాదు. మీకు గూని కావాలంటే బనియన్‌కు లోపల స్పాంజి ముక్కలు కుట్టండి, అరకిలో దాటకూడదు. గూనిని నమ్మించేది స్పాంజి ఎత్తు కంటే మెడ ముందుకు వంగిన తీరు, ఒక భుజం కిందికి దిగిన తీరు.

'ది అన్‌నోన్' (1927) గురించి ఒక పొరపాటు సవరించాలి. చేతులు లేని కత్తులవాడిగా పాదాలతో అన్నీ చానీయే చేశాడని రాస్తుంటారు. సిగరెట్ వెలిగించడం లాంటి పనులు చేసిన పాదాలు చాలావరకు పాల్ డెస్మ్యూక్ అనే చేతుల్లేని వ్యక్తివి. ముఖం చానీది. దీనివల్ల చానీ గొప్ప ఏమీ తగ్గదు. పాదాలు చేస్తున్న పనికి తగ్గట్టు ముఖంలోనూ భుజాల్లోనూ శ్రమ చూపడం ఎంత కష్టమో చూస్తే తెలుస్తుంది.

మేకప్ లేకుండా ఆయన ఏమీ కాదనుకునేవాళ్ళు 'టెల్ ఇట్ టు ద మెరీన్స్' (1926) చూడాలి. సార్జెంట్ వేషంలో ఉన్నది ఆయన సొంత ముఖమే. ఆ సినిమా బాగా ఆడింది, మెరీన్ దళం ఆయనకు గౌరవ సభ్యత్వం ఇచ్చింది. 1929లో ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా పద్నాలుగో ముద్రణలో సినిమా మేకప్ మీద వ్యాసం రాయించుకున్నదీ ఈయన చేతే. ఒకే ఒక్క టాకీ చేశాడు, 'ది అన్‌హోలీ త్రీ' (1930). అందులో ముసలావిడ, చిలక, వెంట్రిలాక్విస్టు (పెదాలు కదపకుండా బొమ్మ మాట్లాడినట్టు చూపేవాడు) బొమ్మతో కలిపి ఐదు గొంతులూ తనవేనని ప్రమాణపత్రం మీద సంతకం చేశాడు. సినిమా విడుదలైన కొద్ది వారాలకే, ఆగస్టు 26న, ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరి, గొంతులో రక్తస్రావమై పోయాడు. అప్పటికి 47 ఏళ్ళు.

మీ బృందానికి చూపించాలంటే 'ద పెనాల్టీ', 'ద ఫాంటమ్' చాలు. రెండూ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. 'ఫాంటమ్'కు తేటగా ఉన్న ప్రింటు 1929లో మళ్ళీ విడుదల చేసినప్పటిది, అదే చూడండి. ముసుగు లాగే ఘట్టాన్ని రెండుసార్లు వేయండి. కథానాయిక క్రిస్టీన్ వెనక నుంచి ఫాంటమ్ ముసుగు తీస్తుంది, ఆ ముఖం ఆమెకంటే ముందు మనకు కనపడుతుంది. రెండోసారి ముఖాన్ని వదిలేసి అతని చేతుల్ని గమనించమనండి. 'పెనాల్టీ'లో బ్లిజర్డ్ పియానో వాయిస్తుంటే కింద కూర్చున్న అమ్మాయి పెడళ్ళు నొక్కుతుంది. కాళ్ళు లేని మనిషి పియానో దగ్గర ఎలా కూర్చుంటాడో, బరువంతా నడుము మీదికి ఎలా తెస్తాడో అక్కడ కనిపిస్తుంది. కుర్చీ వేసుకుని అలా కూర్చునే తీరే ఒక్కొక్కరి చేత చేయించండి, రంగు, జిగురు ఏమీ లేకుండా.