సెంటార్ (నడుము పైన మనిషి, కింద గుర్రంగా ఉండే గ్రీకు పురాణాల జీవి) పిల్ల పుట్టగానే నిలబడుతుందా, చంటిబిడ్డలా పడుకునే ఉంటుందా?

నిలబడక తప్పదు. గుర్రం ఈనిన గంట, రెండు గంటల్లో పిల్ల లేచి నిలుస్తుంది. మనిషి బిడ్డకు మెడ నిలవడానికే దాదాపు మూడు నెలలు, కూర్చోవడానికి ఆరు నెలలు పడుతుంది. ఈ రెండూ ఒకే ఒంట్లో ఉంటే కాళ్లు నిలుస్తాయి, నడుము పైభాగం వాలిపోతుంది. అందుకే మీరు సెంటార్ల కథ రాస్తుంటే అందులో గర్భం గుర్రానికున్న పదకొండు నెలల కంటే ఎక్కువ ఉంచండి, మెడ, వెన్ను గట్టిపడ్డాకే పుట్టనివ్వండి.

కాన్పులో ముందు కాళ్లే ముందుగా రావాలి, వాటిమీద బోర్లా వాలినట్టు తల, ముడుచుకున్న చేతులు. గిట్టలు తల్లిని చీల్చవా అనకండి. గుర్రప్పిల్ల గిట్టలకు పుట్టేటప్పుడు రబ్బరులాంటి మెత్తని తొడుగు ఉంటుంది, నడక మొదలయ్యాక రాలిపోతుంది. ప్రకృతిలో నాకు మహా ఇష్టమైన ఏర్పాట్లలో ఇదొకటి.

అసలు చిక్కు పాల దగ్గర. గుర్రప్పిల్లే పుట్టినప్పుడు సుమారు 50 కిలోలు తూగుతుంది, దాన్ని ఏ తల్లీ ఎత్తుకోలేదు. నిలబడిన పిల్ల నోరు తల్లి రొమ్ముదాకా అందదు. కాబట్టి పొదుగు వెనక కాళ్ల మధ్యే ఉండాలి, పిల్ల వంగి తాగాలి. మొదటిరోజే ముర్రుపాలు పట్టాలి, రోగాన్ని తట్టుకునే శక్తి గుర్రప్పిల్లకు వాటినుంచే వస్తుంది.