డోర్ ప్యాడ్ ఊడాలి, విరగకూడదు

ప్రశ్న: నాది 2002 నాటి బీఎండబ్ల్యూ 3 సిరీస్ కూపే, ఇ46 మోడల్. డ్రైవరు వైపు అద్దం సగంలో ఆగిపోయింది. మెకానిక్ స్క్రూడ్రైవర్ దూర్చి డోర్ ప్యాడ్ (డోరును లోపలివైపు కప్పే ప్యానెల్) లాగబోతే నేనే ఆపించాను. విరగకుండా తీసే పద్ధతి ఏమిటి?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: ఆపించి మంచి పని చేశారు. ఈ ప్యాడ్లు విరిగేది బలం చాలక కాదు, కనపడని స్క్రూ ఒకటి ఉండగానే లాగడం వల్ల. ఇరవై ఏళ్లు దాటిన ప్లాస్టిక్ ఎండకి పెళుసెక్కి ఉంటుంది, ఇక చెప్పేదేముంది.

ముందు అద్దాన్ని రెండు వైపులా వెడల్పాటి మాస్కింగ్ టేపుతో డోరుకి అంటించండి. అద్దాన్ని ఎత్తి దించే మెషీన్ తెగి ఉంటే అద్దం లోపలికి జారిపోతుంది. తర్వాత డిక్కీలో కుడివైపున్న బ్యాటరీ నెగెటివ్ వైరును 10 నంబరు స్పానరుతో విప్పండి. ఈ కారు డోర్లలో సైడ్ ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది కాబట్టి కనీసం పది నిమిషాలు ఆగి గానీ డోరు మీద చెయ్యి వేయకండి. ఒక జాగ్రత్త. కూపే అద్దానికి చుట్టూ ఫ్రేము ఉండదు. డోరు తెరిచినప్పుడు అద్దం కాస్త కిందికి దిగి, మూశాక మళ్లీ పైకి ఎక్కుతుంది. బ్యాటరీ తీశాక ఆ పని జరగదు. అందుకే అద్దం బాగానే పని చేస్తున్న అవతలి డోరులో దాన్ని బ్యాటరీ తీయకముందే రెండంగుళాలు దించి ఉంచండి. పూర్తిగా ఎక్కి ఉన్న అద్దంతో డోరు మూస్తే అది పైనున్న రబ్బరుకి కొట్టుకుంటుంది.

ఇప్పుడు స్క్రూల వేట. డోరు పొడవునా ఉండే అలంకారపు పట్టీని ప్లాస్టిక్ బద్దతో ఒక చివర నుంచి మెల్లగా లేపండి. అది క్లిప్పుల మీదే ఉంటుంది, స్క్రూలు దాని కింద దొరుకుతాయి. ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉన్న చిన్న గుండ్రటి మూత కిందా చూడాలి, చాలామంది మరిచిపోయేది దాన్నే. సైడ్ మిర్రరు దగ్గరి ముక్కోణపు మూతను చేత్తో లాగి తీసేయండి. టీ20, టీ30 స్టార్ బిట్లు రెండూ దగ్గర పెట్టుకోండి. బిట్ గుంటలో గట్టిగా కూర్చోకపోతే తిప్పవద్దు, స్క్రూ తల అరిగిందంటే డ్రిల్లు పట్టాల్సిందే.

స్క్రూలన్నీ వచ్చాక కింది వెనక మూల నుంచి మొదలుపెట్టండి. ప్లాస్టిక్ బద్ద లేకపోతే నున్నగా చెక్కిన వెదురు బద్దకి గుడ్డ చుట్టి వాడండి. ఇనుప స్క్రూడ్రైవరు మాత్రం వద్దు, పెయింటు మీద గీత పడితే అక్కడే తుప్పు మొదలవుతుంది. బద్ద క్లిప్పుకి అంగుళం దూరంలోనే ఉండాలి. మధ్యలో పట్టి లాగితే క్లిప్పు రాదు, ప్యాడ్ వంగుతుంది. క్లిప్పు వచ్చేటప్పుడు ‘టప్’ మని ఒకే చప్పుడు వస్తుంది. పటపటమని వినిపిస్తే ఆగండి. ఇంకా ఎక్కడో స్క్రూ ఉంది.

క్లిప్పులన్నీ ఊడాక ప్యాడ్‌ను మీ వైపుకి లాక్కోకండి. దాని పై అంచు అద్దం పక్కనున్న గాడికి తగులుకుని ఉంటుంది, అందుకే నిటారుగా పైకి ఎత్తాలి. లాక్ పిన్ను రంధ్రంలోంచి బయటికి జారుతుంది. ఆ తర్వాత కూడా పూర్తిగా దూరం జరపకండి. లోపలి హ్యాండిల్ కేబుల్, స్పీకరు వైరు, డ్రైవరు వైపైతే మిర్రరు స్విచ్ వైరు ఇంకా తగిలే ఉంటాయి. రెండో మనిషి పట్టుకోవాలి. కేబుల్‌కి ముందు పై తొడుగు చివరను గాడిలోంచి తప్పించి, ఆపైన కొక్కెం తిప్పితే వచ్చేస్తుంది. పసుపు రంగు కనెక్టరు కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్‌ది. దానికి మల్టీమీటరుగానీ టెస్ట్ ల్యాంపుగానీ ఎప్పుడూ తగిలించకూడదు. అది ఊడి ఉండగా ఇగ్నిషన్ ఆన్ చేశారో, డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి, స్కానరుతో చెరిపేదాకా పోదు. ఎయిర్‌బ్యాగ్ డబ్బా బయటికి తీయాల్సి వస్తే తెరుచుకునే ముఖం పైకి ఉండేలా పెట్టండి.

తిరిగి బిగించేటప్పుడు డోరు తెరిచే ఉంచి, లాక్‌ను స్క్రూడ్రైవరుతో నొక్కి మూసి, లోపలి హ్యాండిల్ లాగి చూడండి. విడిపోతేనే క్లిప్పులు కొట్టండి. కేబుల్ తగిలించడం మరిచి డోరు మూసేస్తే లోపలినుంచి తెరుచుకోదు.

ప్రశ్న: డోర్ ప్యాడ్ తీసి స్పీకరు మార్పించినప్పటి నుంచి వాన పడితే కాళ్ల దగ్గర మ్యాటు తడుస్తోంది. డోరు లోపల గలగల కూడా. ఏటి సెయ్యాలి?
– ఒక పాఠకుడు, కళింగపట్నం

జవాబు: స్పీకరు బిగించినాయన ప్యాడ్ వెనక ఉండే షీటును చింపేసి అలాగే మూసేసి ఉంటాడు. డోరు లోపలికి నీళ్లు రావడం తప్పు కాదు, అద్దం వెంట కారి కింది రంధ్రాల్లోంచి బయటికి పోవాలి. ఆ నీళ్లు మ్యాటు మీదికి రాకుండా అడ్డుకునేది ఈ పల్చటి షీటే. నా ఉద్దేశంలో దీని విలువ ప్యాడ్ కన్నా ఎక్కువ.

చినిగితే కొత్త షీటు వేయించండి. ఊడింది మాత్రమే అయితే, పాత బంకను హెయిర్ డ్రయ్యరుతో వెచ్చబరిచి తీసేసి, ఇనుము మీది జిడ్డు స్పిరిట్‌తో తుడిచి, 8 నుంచి 10 మిల్లీమీటర్ల బ్యూటైల్ టేపు (జిగటగా ఉండే రబ్బరు పట్టీ) చుట్టూ తెగకుండా అంటించాలి. కింది అంచులో సందు మిగిలితే నీళ్లన్నీ అక్కడినుంచే దిగుతాయి. పుల్లటి వాసన వచ్చే సిలికాన్ పూయనివ్వకండి. అందులోంచి వెలువడే ఆమ్లం ఇనుమును తినేస్తుంది, మీది అసలే సముద్రపు గాలి. డోరు అడుగున ఉన్న రంధ్రాల్లో మట్టి కూరుకుపోయిందేమో కూడా పుల్లతో పొడిచి చూడండి.

గలగలకి కారణం చాలావరకు క్లిప్పులే. లాగినప్పుడు కొన్ని ప్యాడ్‌కి కాక డోరు ఇనుములోనే ఉండిపోతాయి. వాటిని ప్లయరుతో తీసి, ముందు ప్యాడ్‌లో కూర్చోబెట్టి, తర్వాతే డోరుకి కొట్టాలి. విరిగినవి లోపల పడిపోయి కూడా దొర్లుతుంటాయి.

ప్రశ్న: ప్యాడ్ మీది రెక్సిన్ పొంగి ఊడిపోతోంది. ఎండలో వేడెక్కాక లాగితే సులువని ఒకరు, చల్లగా ఉన్నప్పుడే తీయాలని ఇంకొకరు అంటున్నారు.
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: ఇద్దరిదీ సగం సగం నిజం. వేడిలో క్లిప్పులు మెత్తబడి విరగవు, కానీ రెక్సిన్ కింది బంక కూడా మెత్తబడి తొక్క మొత్తం చేతికొస్తుంది. మన ఎండాకాలంలో ఉదయం తొమ్మిది, పది గంటల మధ్య నీడలో చేస్తే రెండూ తప్పుతాయి. రెక్సిన్ అంటించడానికి చెక్కపని తెల్ల జిగురు పనికిరాదు. వేడికి ఆగే కాంటాక్ట్ గమ్ము రెండు వైపులా పూసి, ముట్టుకుంటే వేలికి అంటని దాకా ఆరనిచ్చి నొక్కండి. తడిగా ఉండగానే అంటిస్తే వారంలో మళ్లీ పొంగుతుంది.

ప్రశ్న: కూపేలో వెనక సీటు పక్క ప్యానెల్ ఎంత లాగినా రావడం లేదు.
– ఒక పాఠకుడు, రాజాం

జవాబు: సీటు తీయకుండా లాగి ఉంటారు. ముందు కూర్చునే దిండును దాని ముందంచు పట్టి పైకి లాగండి, తర్వాత ఆనుకునే భాగం పక్క దిండు తీయండి. అప్పుడు గానీ ప్యానెల్ అంచు కనపడదు. సీటు బెల్టు ఎక్కడినుంచి దూరుతోందో ఫోటో తీసి పెట్టుకోండి. కొత్త క్లిప్పులు కొనేటప్పుడు పాతది ఒకటి వెంట తీసుకెళ్లి మెడ లావు, తల వెడల్పు పోల్చండి. బీఎండబ్ల్యూ అయితే ఛాసిస్ నంబరులో చివరి ఏడు అక్షరాలు చెబితే పార్టు నంబరు దొరుకుతుంది.