పీయూసీలో మార్కులు పడిపోతే మెడికల్ సీటు రాదా?

ప్రశ్న: మేడమ్, నమస్తే. మాది మదనపల్లె దగ్గర పల్లె. నేను ఆరో క్లాసులో చేరే టైంకి నాన్న పని కోసం బెంగళూరు వచ్చేశాం, అప్పట్నించి హోరమావులోనే ఉంటున్నాం. టెన్త్‌లో 96 శాతం వచ్చింది. సెకండ్ పీయూసీ (ఇక్కడ ఇంటర్ సెకండియర్) అప్పుడు నాన్నకి బైపాస్ అయ్యి అందరం ఆస్పత్రి చుట్టూ తిరగడంతో పీసీబీ (ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ) 61 శాతానికి పడిపోయింది. 2024 నీట్‌లో 431, లాంగ్ టర్మ్ తీసుకుని 2025లో 452, ఏడాదంతా కూర్చుంటే పెరిగింది 21 మార్కులే. బయాలజీ 286, కెమిస్ట్రీ 112, ఫిజిక్స్ 54. ర్యాంకు లక్షా ఇరవై వేల దగ్గర. ఒక కన్సల్టెంట్ నా మార్కుల లిస్టులన్నీ చూసి, ఇలా ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువ ఉన్న పిల్లల్ని మంచి కాలేజీలు తీసుకోవు, డీమ్డ్ యూనివర్సిటీలో సీటు బ్లాక్ చేస్తా మూడు లక్షలు అడ్వాన్స్ ఇవ్వండి అన్నాడు. నాన్న ఊళ్లో స్థలం అమ్ముదామంటున్నాడు. మనది ఆంధ్రా కదా ఏపీలో పెడితే చాలని మామయ్య అంటాడు. ఏ కాలేజీలకి పెట్టాలి?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ముందు ఆ మూడు లక్షలు ఇవ్వొద్దని నాన్నకి ఇవాళే చెప్పమ్మా. ఎంబీబీఎస్ సీటు ఎవరూ బ్లాక్ చెయ్యలేరు. డీమ్డ్ సీట్లన్నీ కేంద్రం నడిపే ఎంసీసీ (మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ) కౌన్సెలింగ్‌లోనే ఇస్తారు, కర్ణాటకలో ప్రభుత్వ సీటైనా ప్రైవేటు కాలేజీలో మేనేజ్‌మెంట్, ఎన్నారై సీటైనా కేఈఏ (కర్ణాటక ఎగ్జామినేషన్స్ అథారిటీ) ద్వారానే. అడ్వాన్స్ అడిగినవాడు నీ కంగారుని అమ్ముకుంటున్నాడు, అంతే.

నీ మార్కుల ఎత్తుపల్లాలు కాలేజీలు చూస్తాయని కదా నీ భయం. ఎవరూ చూడరు. ఇంటర్వ్యూ లేదు, టెన్త్ మార్కులు లెక్కలోకే రావు. పన్నెండులో పీసీబీ జనరల్ వాళ్లకి 50, ఎస్సీ ఎస్టీ ఓబీసీలకి 40 శాతం ఉండాలి, అది గేటు మాత్రమే, నువ్వు 61తో దాటేశావు. ఆ తర్వాత నడిచేది నీట్ ర్యాంకు ఒక్కటే, ఇద్దరికి ఒకే మార్కులొస్తే ముందు చూసేది కూడా బయాలజీనే.

21 మార్కులే పెరిగాయి అని రాశావు, అది చదివి నిజంగా బాధేసింది. 2024లో ఫలితాలు సవరించాక కూడా 720కి 720 వచ్చినవాళ్లు 17 మంది ఉన్నారు, 2025లో ఫస్ట్ ర్యాంకు మార్కులే 686. పేపర్ అంత కష్టంగా వచ్చింది. నీ రెండు స్కోర్ కార్డులు పక్కపక్కన పెట్టి మార్కులు కాదు ర్యాంకు చూడు, ఎంత ముందుకొచ్చావో తెలుస్తుంది. అందుకే పాత కటాఫ్‌లు కూడా మార్కుల్లో చూడకు, ర్యాంకుల్లోనే చూడు.

ఇప్పుడు అసలు విషయం. ఆంధ్రాలో పుట్టినంత మాత్రాన అక్కడ లోకల్ అవ్వవు. అక్కడ లోకల్ అనేది పుట్టిన ఊరితో కాదు, పరీక్ష పాసైన ఏడాదితో కలిపి వరసగా నాలుగేళ్లు ఎక్కడ చదివావనేదానితో తేలుస్తారు, నువ్వు చదివింది బెంగళూరులో. 85 శాతం లోకల్ సీట్లు నీకు రావు, మిగతా 15 శాతంలో అమ్మానాన్నలు అక్కడ ఉన్న ఏళ్లని బట్టి దారి ఉందేమో ప్రాస్పెక్టస్ చూసి అప్లై చెయ్యి కానీ దాని మీదే కూర్చోకు. అదే కర్ణాటకలో అయితే, ఒకటి నుంచి పన్నెండు లోపు ఏడేళ్లు ఇక్కడ చదివి, టెన్త్ గానీ పీయూసీ గానీ ఇక్కడే పాసైనవాళ్లకి ప్రభుత్వ కోటా ఉంది. వేళ్ల మీద లెక్కపెట్టు: ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది, ఫస్ట్ పీయూసీ, సెకండ్ పీయూసీ. సరిగ్గా ఏడు! ఒక్క ఏడాది తగ్గినా నీకు మిగిలేది ప్రైవేటు సీట్లే, ఫీజు ఏటా పది లక్షలు దాటుతుంది. ప్రైవేటు కాలేజీలోనే ప్రభుత్వ కోటా సీటైతే ఏటా లక్షన్నర దగ్గర్లో అయిపోతుంది. మీ నాన్న స్థలం నిలబడేది ఈ ఏడేళ్ల కాగితాల మీదే.

ఆప్షన్ల దగ్గరికొస్తే, నాకు తెలిసిన ఒకబ్బాయి నీలాంటి ర్యాంకుతోనే పన్నెండు ఆప్షన్లు పెట్టాడు, పన్నెండూ బెంగళూరువే. ఫస్ట్ రౌండ్‌లో ఏమీ రాలేదు, వాళ్లమ్మ రాత్రి రెండింటికి ఫోన్ చేసి ఏడ్చింది. నువ్వు అలా చెయ్యకు. నీకు ఏది ఎక్కువ ఇష్టమో ఆ వరసలో పెట్టు, వస్తుందా రాదా అని వరస మార్చకు, కంప్యూటర్ పైనుంచి చూసుకుంటూ వస్తుంది కాబట్టి పైన బెంగళూరు ప్రభుత్వ కాలేజీలు బీఎంసీ, బౌరింగ్ పెట్టినందుకు కింద వచ్చేది పోదు. తర్వాత మండ్య, హాసన్, చిక్కబళ్లాపూర్, చామరాజనగర్, కార్వార్ దాకా ప్రభుత్వ కాలేజీలన్నీ, వాటితో పాటు బెంగళూరు కిమ్స్, వైదేహి లాంటి ప్రైవేటు వాటిల్లో ప్రభుత్వ కోటా సీట్లు, అసలు ఆ కోటా ఎక్కడెక్కడ ఉంటే అక్కడల్లా. బళ్లారి, రాయచూరు కూడా పెట్టు, 371జే (ఆ ప్రాంతానికి రాజ్యాంగం ఇచ్చిన ప్రత్యేక రిజర్వేషన్) కింద ఎక్కువ సీట్లు అక్కడి పిల్లలకే పోతాయి, అయినా పెట్టు, అక్కడ వార్డులో నీతో తెలుగులో మాట్లాడే పేషెంట్లు కూడా ఉంటారు. పేరు తెలియని కాలేజీ అయితే పొద్దున తొమ్మిదింటికి వెళ్లి ఓపీ చీటీల క్యూ దగ్గర అరగంట నిలబడు. పేషెంట్లు లేని బిల్డింగ్‌లో డాక్టర్ తయారవ్వదమ్మా, నేను చూశాను.

నీ ర్యాంకు జనరల్ మెరిట్‌లో అంచు మీద ఉంది, ఖాయంగా వస్తుందని మాటివ్వలేను. ప్రభుత్వ కాలేజీల్లో దేశం మొత్తానికి పెట్టిన ఆలిండియా 15 శాతంలో అయితే జనరల్‌కి నీ ర్యాంకు కంటే చాలా ముందే ఆగిపోతుంది, ఆశ పెట్టుకోకు. డీమ్డ్ అంటే ఎంసీసీలో రెండు లక్షల డిపాజిట్, ఆపైన చాలా కాలేజీల్లో ఏటా ఇరవై లక్షల మీద, నాలుగున్నరేళ్లకి తొంభై లక్షలు. బైపాస్ అయిన మనిషి నెత్తిన అది పెట్టొద్దనే నా మాట. విదేశం అంటారు, అక్కణ్నించి వచ్చాక, ఇక్కడ డాక్టర్‌గా పని చెయ్యాలంటే రాయాల్సిన ఎఫ్ఎంజీఈ పరీక్షలో 300కి 150 తెచ్చుకోవాలి, అది గుర్తు పెట్టుకునే మాట్లాడండి.

ఫిజిక్స్ 54 గురించి సిగ్గుపడకు. ఫస్ట్ ఇయర్‌లో అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ ఉంటాయి, ఫిజిక్స్ పేపర్ ఉండదు. నాన్న ఐసీయూలో ఉన్న ఏడాది 61 తెచ్చుకున్న పిల్లవి నువ్వు.

స్టడీ సర్టిఫికెట్లు ఏడేళ్లవీ కావాలి, బీఈఓ (బ్లాక్ ఎడ్యుకేషన్ ఆఫీసర్) కౌంటర్ సైన్‌తో. పీయూ కాలేజీది సులువే, ఆరో క్లాసు చదివిన స్కూల్‌తోనే ఇబ్బంది, చిన్న స్కూళ్లు కొన్ని కరోనా తర్వాత మూతపడ్డాయి. మూసేసుంటే రికార్డు ఎక్కడుందో బీఈఓ ఆఫీసులోనే అడగాలి. రేపు పొద్దున్నే అక్కడికి వెళ్లు, పాత ఫీజు రసీదు, మార్కుల కార్డు ఏదున్నా తీసుకెళ్లు.