నర్సు అంబాజీపేటలో, రోగి అమెరికాలో: కుదురుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చదివి రెండేళ్లుగా కాకినాడలో ఆసుపత్రిలో చేస్తోంది. ఆరు నెలల కోర్సు చేస్తే ఇంట్లోంచే అమెరికా రోగుల్ని వీడియోలో చూసే ‘నర్స్ ప్రాక్టీషనర్’ ఉద్యోగం ఇప్పిస్తామంటూ రెండున్నర లక్షలు అడుగుతున్నారు. కొబ్బరితోట మీద అప్పు తేవచ్చా?
– ఒక తండ్రి, అంబాజీపేట

జవాబు: తేవద్దు. అమెరికాలో నర్స్ ప్రాక్టీషనరంటే జబ్బు నిర్ధారించి మందులు రాసే నర్సు. ఆరు నెలల్లో అక్కడికి చేర్చే అడ్డదారి లేదు. పైగా వీడియో వైద్యంలో లైసెన్సు లెక్కంతా రోగిని బట్టే. కాల్ వేళకు రోగి టెక్సస్‌లో ఉంటే టెక్సస్ లైసెన్సు, జార్జియాలో ఉంటే జార్జియాది ఉండాలి. మామూలు ఆర్‌ఎన్‌లకు (రిజిస్టర్డ్ నర్సులకు) చాలా రాష్ట్రాల్లో చెల్లే ఉమ్మడి లైసెన్సు ఉంది కానీ ప్రాక్టీషనర్లకు అలాంటిది ఇంకా అమల్లోకి రాలేదు. ఇక అక్కడి వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్, దేశం బయట కూర్చుని చేసిన వైద్యానికి డబ్బు చెల్లించదు. అలాంటప్పుడు అంబాజీపేటలో కూర్చున్న ప్రాక్టీషనరుకు ఏ కంపెనీ జీతమిస్తుంది?

అసలు దారి పొడుగైనదే. ముందు మార్కుల పత్రాలు, సిలబస్ విదేశీ నర్సుల చదువును బేరీజు వేసే సీజీఎఫ్‌ఎన్‌ఎస్ (ఇప్పటి పేరు ట్రూమెరిట్) మదింపుకు వెళ్లాలి. తర్వాత అక్కడి ఒక రాష్ట్ర నర్సింగ్ బోర్డు అనుమతితో ఎన్‌క్లెక్స్ అనే నర్సు లైసెన్సు పరీక్ష. ఇది హైదరాబాద్‌లోనే రాయొచ్చు. 85 నుంచి 150 ప్రశ్నలు, ఐదు గంటలు. ఫీజు 200 డాలర్లు, అమెరికా బయట రాస్తే మరో 150. ఇంగ్లిష్ పరీక్ష, వీసా స్క్రీన్ (విదేశీ నర్సుల అర్హత ధ్రువపత్రం), ఈబీ-3 వీసా (ఉద్యోగం మీద వచ్చే గ్రీన్‌కార్డు) దాటాక అక్కడి వార్డుల్లో ఆర్‌ఎన్‌గా పని. ఆ తర్వాత రెండు మూడేళ్ల మాస్టర్స్, సర్టిఫికేషన్ పరీక్ష, రాష్ట్ర లైసెన్సు. అప్పుడు కూడా టెలిహెల్త్ కంపెనీలు ముందు క్లినిక్‌లో రోగుల్ని నేరుగా చూసిన అనుభవమే అడుగుతాయి. చేత్తో పొట్ట నొక్కి చూడని మనిషికి తెర మీద కడుపునొప్పి ఏం అర్థమవుతుంది? భారతీయులకు ఒక్క ఈబీ-3 వీసా వరుసే పదేళ్లు దాటుతోంది, మొత్తం అంతకన్నా ఎక్కువే అనుకోండి.

ఇంట్లోంచి అమెరికాకు చేసే ఉద్యోగాలు అసలు లేవని కాదు. మెడికల్ కోడింగ్ (జబ్బు, చికిత్సలను బిల్లు కోసం కోడ్‌లుగా మార్చడం), స్క్రైబ్ (డాక్టరు చెప్పింది రికార్డులో రాయడం), బీమా అనుమతుల పని ఉన్నాయి. అమెరికా తూర్పు తీరంలో ఉదయం తొమ్మిదంటే వేసవిలో మనకు సాయంత్రం ఆరున్నర, కాబట్టి రాత్రి డ్యూటీ తప్పదు. అవి నర్స్ ప్రాక్టీషనర్ కొలువులు మాత్రం కావు. వాటికైనా ముందు డిపాజిట్ కట్టమన్నారంటే అనుమానించాల్సిందే.

ప్రశ్న: నేను విలేజ్ హెల్త్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీని (మధ్యస్థాయి ఆరోగ్య సేవకురాలిని). ప్రభుత్వ వీడియో వైద్య సేవ ఈ-సంజీవనిలో డాక్టర్లు ‘సరిగ్గా కనబడట్లేదు, పీహెచ్‌సీకి పంపండి’ అని కాల్ పెట్టేస్తున్నారు. ఏం చేయాలి?
– పేరు వద్దన్న పాఠకురాలు, రాజోలు

జవాబు: 2019 నవంబరులో ఈ-సంజీవని మొదట మొదలైంది మన రాష్ట్రంలోనే. 2020 మార్చి 25 నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం మందు రాసేది డాక్టరు, రోగి పక్కనుండి వివరాలు, పరీక్ష ఫలితాలు చెప్పేది మీరు. అంటే డాక్టరుకు చేతులు, కళ్లు మీరే.

పుండునే తీసుకుందాం. బురద కడిగి, సెలైన్‌తో తుడవండి. ఫోను లెన్సు కూడా తుడవండి. అది మరిచేవాళ్లే ఎక్కువ. ట్యూబ్‌లైటు కింద కాకుండా గుమ్మం దగ్గర పగటి వెలుతురులో తీయండి. తడి పుండు మీద ఫ్లాష్ పడితే తెల్లటి మచ్చ తప్ప ఏమీ కనబడదు కాబట్టి ఫ్లాష్ ఆపండి. పాదమంతా వచ్చేలా ఒకటి, జానెడు దూరం నుంచి పక్కన కాగితపు స్కేలు పెట్టి మరొకటి చాలు. కాల్ కలపకముందే అప్‌లోడ్ చేస్తే, మధ్యలో వీడియో ఆగినా ఫొటో డాక్టరు ముందే ఉంటుంది.

కాల్ కలవగానే కథ మొదలెట్టకండి. ‘58 ఏళ్లు, రొయ్యల చెరువు కాపలా, పదేళ్లుగా షుగరు, ఎడమ అరికాలి పుండు 12 రోజులు, జ్వరం 100.4, షుగరు 286, పాదం మీద నాడి అందుతోంది’ అనండి. పది సెకన్ల పని. ఆ చివరి ముక్క చెప్పే నర్సు కాల్ డాక్టరు అంత తేలిగ్గా పెట్టేయరు.

బీపీ: ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, చెయ్యి గుండె ఎత్తులో ఉంచి, మాట్లాడనివ్వకుండా, నిమిషం తేడాతో రెండుసార్లు చూడండి. లావు చేతికి చిన్న పట్టీ చుడితే లేని బీపీ వస్తుంది. ఆక్సిజన్ చూసేటప్పుడు వేలు చల్లగా ఉన్నా, గోళ్ల రంగు ఉన్నా అంకె తప్పొచ్చు. ఆషాఢంలో గోరింటాకు నల్లగా పండిన వేలినీ నమ్మకండి, కాలివేలికి పెట్టి సరిచూడండి.

ఛాతీనొప్పి, మూతి వంకర, ఆయాసం, గర్భిణికి బీపీ 160/110 దాటడం – వీటికి మొదట 108. బండి వచ్చేలోగా డాక్టరు కాల్.

ప్రశ్న: జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చేశాను. ఇండియాలో నర్స్ ప్రాక్టీషనర్ కావచ్చా?
– నరసాపురం పాఠకురాలు

జవాబు: నేరుగా కష్టం. దానికి బీఎస్సీ నర్సింగ్ ఉండాలి, మన రాష్ట్రంలో ఎంఎల్‌హెచ్‌పీ నోటిఫికేషన్లు కూడా అదే అడుగుతున్నాయి కాబట్టి ముందు రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేయండి. ఆపైన ఏడాది వార్డు అనుభవముంటే, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ పెట్టిన క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సుకు వెళ్లొచ్చు. రెండేళ్ల రెసిడెన్సీ అది, చదువంతా ఐసీయూలోనే. సీటు దొరికిందని సంబరపడి ఫీజు కట్టేలోపు, ఆ కాలేజీకి ఈ ఏడాది కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో కౌన్సిల్ వెబ్‌సైట్‌లో మీరే స్వయంగా చూసుకోండి.