అక్వేరియంలో రాళ్లూ దుంగలూ అతికించబోతున్న మా అల్లుడికి

విల్లివాక్కం, చెన్నై

అల్లుడూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటో చూశాను. రాతి కమాను అందంగా ఉంది కానీ, దాన్ని ఇసుక మీద నిలబెట్టావు చూడు, అది నాకు నచ్చలేదు. "ఏ జిగురు కొనాలి మావయ్యా" అని ఒక్క ముక్కే అడిగావు. ఆ సంగతికి వస్తాను. ముందు ఆ రాళ్లన్నీ బయటికి తీసి, నేల మీద పాత దుప్పటి పరిచి, జిగురు చుక్క కూడా లేకుండా పేర్చు. వేలితో నెడితే ఊగకూడదు. ఊగితే రాయి తిప్పి చూడు, చిన్న రాతి చెక్కు ఎక్కడైనా దోపి చూడు. నువ్వు తేబోయేవి మలావి సిక్లిడ్‌లు, ఆఫ్రికాలోని మలావి సరస్సు చేపలు. ఇసుక తవ్వి పోయడమే వాటి పని. రాయి కింద ఇసుక ఖాళీ అయిందంటే అంత బరువూ ఒరిగి అద్దం మీద పడుతుంది. అందుకే అడుగు అద్దం మీద పల్చటి ప్లాస్టిక్ షీటు వేసి, దాని మీద రాళ్లు పెట్టి, ఇసుక చివర్లో పోయాలి.

ఇక జిగురు. చిన్న, మధ్యరకం రాళ్లకి సూపర్ గ్లూ చాలు, మనమంతా ఫెవిక్విక్ అని పిలుచుకునే రకం. ట్యూబు మీద సయనోఅక్రిలేట్ అని ఉందో లేదో చూసుకో. గట్టిపడ్డాక అది నీళ్లలో కరగని ప్లాస్టిక్ ముక్క, చేపలకి దానితో పేచీ లేదు. ఉప్పునీటి తొట్టెల వాళ్లు ప్రాణమున్న పగడపు ముక్కల్నే దీనితో అతికిస్తారు. ఆస్పత్రుల్లో చిన్న గాయాలకి కుట్లు బదులు వాడే జిగురు కూడా ఈ కుటుంబంలోదే. నీళ్లలాంటి రకం, జెల్ రకం రెండూ తెచ్చుకో. రెండింటికీ వేర్వేరు పనులున్నాయి.

రాయికీ రాయికీ మధ్య సందు ఉంటుంది కదా, నీళ్లలాంటి రకం ఒక్కటే పోస్తే అందులోంచి కారిపోతుంది. రాళ్లని పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, కడిగి, ఒక రోజంతా ఎండలో ఆరనివ్వు. ఆరాక సందులో కొంచెం దూది గట్టిగా కుక్కి, దాని మీద జిగురు చుక్కలు చుక్కలుగా వేయి. క్షణాల్లో పొగ వస్తుంది, దూది రాయంత గట్టిపడుతుంది. దూదీ ఈ జిగురూ కలిస్తే వేలు కాలేంత వేడి పుడుతుంది, ఆ పొగ కళ్లు మండిస్తుంది. బాల్కనీలో చేయి, కళ్లద్దాలు పెట్టుకో, నూలు గ్లవుజులు మాత్రం వద్దు, అవీ దూదే. కొందరు సిగరెట్ ఫిల్టర్లు వాడతారు. మీ అమ్మకి ఇంట్లో అవి కనబడితే ఏమవుతుందో నీకే తెలుసు, దూదితో కానిచ్చెయ్. జిగురు తడి ఆరకముందే అదే రాయి పొడి పైన చల్లితే తెల్లటి అతుకు కనబడదు. వంట సోడా చల్లినా జిగురు వెంటనే బిగుస్తుంది గానీ తెల్ల మరకలు పడతాయి, నాకు అది ఇష్టం లేదు.

ఈ పద్ధతి లావా రాయికి, డ్రాగన్ స్టోన్‌కి బ్రహ్మాండంగా కుదురుతుంది, వాటికి చిల్లులూ గరుకూ ఉంటాయి కాబట్టి. నున్నటి ఏటి గుండ్రాళ్లకి కుదరదు, పట్టు దొరకదు. ఇంకో మాట, ఈ జిగురు పెళుసు. లాగితే ఓర్చుకుంటుంది, పక్క నుంచి దెబ్బ తగిలితే టక్కున ఊడుతుంది. కాబట్టి కమాను పైన గాల్లోకి వేలాడే పెద్ద రాయిని దీని భరోసా మీద పెట్టకు.

పెద్ద బరువులకి సిలికాన్. హార్డ్‌వేర్ కొట్లో బాత్‌రూమ్‌కి, సింక్‌కి అని ఇచ్చేవాటిలో బూజు పట్టకుండా మందు కలుపుతారు, అది చేపలకి విషం. అక్వేరియం కొట్లుండే మన కొళత్తూరు వెళ్లి, తొట్టెలు తయారు చేసే కొట్లో వాళ్లు అద్దాలకి వాడే ట్యూబే అడిగి తెచ్చుకో. వెనిగర్ వాసన కొడుతుంది, అది మామూలే. గాలిలో తేమతోనే అది గట్టిపడుతుంది, ఆ విషయంలో మన చెన్నై ఉక్క మనకి సాయమే. పైపొర అరగంటలో ఆరినట్టు కనిపిస్తుంది, లోపల మాత్రం రోజుకి రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున ఆరుతుంది. లావుగా పెట్టిన చోట వారం ఆగు. దగ్గరికి ముక్కు పెడితే వెనిగర్ వాసన ఇంకా వస్తోందంటే నీళ్లు పోయకు. సిలికాన్ తడి రాయికి, తడి చెక్కకి అంటుకోదు. నీళ్లు నింపిన తొట్టెలో దాన్ని వాడాలని చూడకు.

నీళ్లలోనే అతికించాల్సి వస్తే రెండు ముద్దలు కలిపి పిసికే ఎపాక్సీ పుట్టీ ఉంది. పైపుల లీకులకి వాడేది కాకుండా, అక్వేరియంకి అని రాసి ఉన్నదే కొను. దాని అంటు శక్తి చాలామంది అనుకున్నంత గొప్పదేం కాదు. రెండు రాళ్ల గుంతల్లోకి నొక్కితే గట్టిపడి మేకులా పట్టుకుంటుంది, అంతే. రాయికి కొంచెం సూపర్ గ్లూ జెల్, దాని మీద పుట్టీ, మళ్లీ జెల్, అలా పెడితే పట్టు బాగుంటుంది. గ్లూ గన్ కర్రలు నీళ్లలో ఊడొస్తాయి. సిమెంటు నీళ్ల పీహెచ్, అంటే క్షార గుణం, పెంచేస్తుంది, వారాల తరబడి నానబెట్టాలి. రెండింటి జోలికీ పోకు.

దుంగ సంగతి వేరు. ఎండిన చెక్క తేలుతుంది, నీళ్లు పీల్చాక ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకి సూపర్ గ్లూ అతుకు చిట్లిపోతుంది. ముందు దుంగ బెరడంతా ఒలిచెయ్. గ్రానైట్ పాలిష్ చేసే కొట్ల బయట పడేసే ముక్కల్లో ఒకటి తెచ్చి, దానికి రంధ్రం వేయించి, కింద నుంచి స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూతో దుంగకి బిగించు. ఇత్తడి స్క్రూ వద్దు, అందులో రాగి ఉంటుంది, రొయ్యలకి అది యమపాశం. కిచెన్ అరలకి వేసే కడప బండ దొరికితే వాడొచ్చా అంటావేమో. అది సున్నపురాయి, నీళ్ల గట్టితనాన్ని, అంటే అందులో కరిగిన సున్నాన్ని, మెల్లగా పెంచుతుంది. నీ మలావి చేపలకి గట్టి నీళ్లే ఇష్టం కాబట్టి పర్లేదు. రేపు మెత్తటి నీళ్లు ఇష్టపడే టెట్రా చేపలకి మారతానంటే మాత్రం ఆ బండ తీసెయ్యాలి. ఏ రాయి మీద అనుమానం వచ్చినా వెనిగర్ చుక్క వేసి చూడు, నురగ వస్తే సున్నం ఉన్నట్టే. కొత్త దుంగ మీద మొదటి వారాల్లో తెల్లటి జిగట పడితే టెన్షన్ పడకు, దానంతట అదే పోతుంది.

దుంగ మీద అనూబియాస్ అనే నీటి మొక్క పెట్టమని మీ అత్త సలహా. మంచిదే, ఆ ఆకులు సిక్లిడ్‌లు పెద్దగా తినవు. వేళ్ల దగ్గర బఠాణీ గింజంత జెల్ పెట్టి, గుడ్డతో తడి ఒత్తిన చెక్క మీద పది పదిహేను క్షణాలు నొక్కి పట్టుకో. అడ్డంగా పాకే లావుపాటి కాండం మీద జిగురు పూయకు, కుళ్లే ప్రమాదం ఉంది.

విప్పిన ట్యూబు ఈ ఉక్కలో త్వరగా గడ్డకడుతుంది. గాలి చొరని డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లంతో కలిపి పెట్టుకో. వేళ్లు అంటుకుంటే లాగకు, గోరువెచ్చని సబ్బునీళ్లలో ముంచి మెల్లగా కదుపు, లేదా అసిటోన్ ఉన్న నెయిల్ పాలిష్ రిమూవర్ రాయి. డ్రిల్లింగ్ మెషిన్ నా దగ్గర ఉంది. శనివారం లోపల చెప్పు, రాతికి వేసే బిట్ కూడా తీసిపెడతాను.

మీ మావయ్య