టేకాకు ఏనుగు ఏ అక్షరం కింద?

సందేహం: మాది నల్లమల అంచున, అచ్చంపేట వైపు పల్లె. మా బడి పిల్లలు అడవిలో రాలిన ఆకులు, కాయలు, టెంకలు, పుల్లలు ఏరుకొచ్చి వింత వింత జీవులను చేశారు. వాటి ఫొటోలతో అక్షరమాల పుస్తకం కూరుస్తున్నాం. టేకాకుతో చేసిన ఏనుగును ‘ఏ’ కింద పెట్టాలని నేను, దాని పేరు ‘టేకాకు ఏనుగు’ కనుక ‘ట’ కింద పెట్టాలని తోటి ఉపాధ్యాయుడు వాదించుకుంటున్నాం. ‘టేకాకేనుగు’ అని కలిపి రాయాలా? ణ, ళ, ఱ అక్షరాలకు ఏ జీవిని చూపాలి? డొప్ప, చిప్ప, బుర్ర ఒకటేనా?
– ఒక ఉపాధ్యాయురాలు, నాగర్‌కర్నూల్ జిల్లా

సమాధానం: మీ పక్షమే సరైనది. అయితే మీ తోటి ఉపాధ్యాయుని వాదాన్ని తేలికగా తోసిపుచ్చలేము. నిఘంటువు కూర్చేవారైతే ఆయన చెప్పినట్లే చేస్తారు, ఎందుకంటే అక్కడ పదం మొదటి అక్షరమే లెక్క. కాని తెలుగులో దేనితో చేశామో ముందు చెప్పి, చేసిన వస్తువును తరువాత చెబుతాము: మట్టికుండ, వెండిగిన్నె, కొయ్యగుర్రం. వీటిలో రెండో పదమే ప్రధానం. ‘చిప్ప తాబేలు’ అంటే చిప్పతో చేసిన తాబేలు. ‘తాబేటి చిప్ప’ అంటే తాబేలుకు చెందిన చిప్ప. మాటల వరుస మారగానే తాబేలు కాస్తా చిప్ప అయిపోతుంది. బొమ్మను చూసిన పిల్లవాడు మొదట ‘ఏనుగు’ అంటాడే గాని ‘టేకాకు’ అనడు. కాబట్టి ఆ పుట ‘ఏ’ అక్షరానిదే.

ఇక సంధి సంగతి. పరవస్తు చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో ‘ఉత్తున కచ్చు పరంబగునపుడు సంధియగు’ అన్నాడు, అంటే పొట్టి ఉకారం తరువాత అచ్చు వస్తే రెండూ కలుస్తాయని. ఆ లెక్కన టేకు, ఆకు కలిసి టేకాకు అయినట్లే, టేకాకు, ఏనుగు కలిసి టేకాకేనుగు కావలసిందే. రూపంలో దోషం లేదు. కాని అక్షరం నేర్పవలసిన పుటలోనే ఆ అక్షరం కకారానికి గుణింతమై కరిగిపోతే పుస్తకం పెట్టుకున్న పని చెడుతుంది. మీరు పంపిన ఫొటోల్లో, ఎండి నల్లబడిన సీతాఫలం పిందెను అలుగుగా (ఒళ్ళంతా పొలుసులుండే అడవి జంతువు) మలచినది నాకు అన్నిటికన్నా నచ్చింది. బొడిపెలు బొడిపెలుగా ఉన్న ఆ తొక్క అచ్చంగా అలుగు పొలుసులే. పాతపద్ధతిలో దాని పేరు ‘సీతాఫలపుటలుగు’ అవుతుంది. ‘అ’ కోసం వెతికే పిల్లవాడికి అక్కడ ‘ట’ ఎదురవుతుంది! నేటి వచనంలో పదాలను విడదీసి రాయడం తప్పు కాదు గనుక పెద్ద అక్షరాలలో ‘అలుగు’ అని మాత్రమే వేసి, కింద చిన్న అక్షరాలలో ‘సీతాఫలం పిందెతో చేసినది’ అని రాయండి. ఏనుగుకూ అదే పద్ధతి. పిల్లలు నోటితో ‘యేనుగు’, ‘యెలుక’ అంటారు కాబట్టి అలాగే రాసి ఉంటారు. పలుకుబడిని వెక్కిరించకుండా రాతలో ఏనుగు, ఎలుక అని దిద్దితే చాలు.

అలుగు పుటలో మరో చిక్కు ఉంది. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో అలుగు అనగానే చెరువు నిండి నీళ్లు దుంకే చోటు గుర్తుకు వస్తుంది గాని పొలుసుల జంతువు గుర్తుకు రాదు. బాణపు మొననూ అలుగు అంటారు. ఈ మూడు అర్థాలూ సాధువులే. బొమ్మ ఉంది కనుక పిల్లలు పొరబడరు.

ణ, ళ అక్షరాలతో మన వాడుక మాటలు మొదలు కావు, ఱ తో మొదలయ్యే ఱెక్క, ఱాయి వంటి మాటలను ఇప్పుడు ‘ర’ తోనే రాస్తున్నాం గనుక ఆ అక్షరం మాట నడుమ వచ్చే జీవిని చూపడమే మార్గం. ‘ణ’ కు ఎప్పటి బాణం, వీణలకు బదులు కణుజును (పెద్ద దుప్పిని) చేయించండి. అది మీ అమ్రాబాద్ అడవి జంతువే. చీలిన కొమ్మలే దానికి కొమ్ములవుతాయి. ‘ళ’ కు చాలామంది కళ్ళు చూపుతారు, కాని మన వైపు పిల్లలు ‘కండ్లు’ అంటారు, అదీ సాధురూపమే. అందువల్ల ఈనెలు గుచ్చి జెర్రిని చేసి, ‘కాళ్ళు’ అని చూపడం మేలు. ‘ఱ’ ఇప్పటి రాతలో దాదాపు పోయింది. ఉంచదలిస్తే కఱ్ఱగుఱ్ఱం ఒక్కటి చాలు, రెండు మాటల్లోనూ ఉంది. ఙ, ఞ లను వదిలేయండి. ఖ, ఘ వంటి ఒత్తక్షరాలకు అచ్చతెలుగు పేర్ల కోసం వెతకవద్దు. తెనుగునకు వర్ణములు ముప్పదియాఱు అన్న సూరి లెక్కలో అవి లేవు, సంస్కృత పదాలతో వచ్చి చేరినవి. ఖడ్గమృగంతో సరిపెట్టుకోవచ్చు.

అన్నట్టు, కొన్ని బొమ్మలకు గురిగింజలు కళ్ళుగా అతికించారు. చూపుకు ముద్దుగానే ఉన్నాయి, కాని ఆ గింజ నమిలితే విషం. చిన్నపిల్లల చేతికి వెళ్లే బొమ్మలకు కందిగింజలు వాడండి.

చివరి ప్రశ్న. ఆకును మడిచి పుల్లతో కుట్టినది డొప్ప. మోదుగాకు డొప్పలో ప్రసాదం తిననివారు మన వైపు తక్కువ. గట్టిగా, లోపల గుల్లగా, సగం విచ్చినట్లుండేది చిప్ప: కొబ్బరిచిప్ప, ముత్యపుచిప్ప. గుండ్రంగా, నిండుగా ఉండేది బుర్ర. చిన్నప్పుడు రెండు తాటిబుర్రలకు పుల్ల గుచ్చి, పంగలకర్రతో తోసుకుంటూ బండి నడిపినవారికి ఈ తేడా వేరే చెప్పనక్కరలేదు. ఆ తాటికాయలోనే పీచుతో ఉండే గట్టి గింజ టెంక. మీ పిల్లలు దాని పీచును గడ్డంగా దువ్వి చేసిన ముసలి కోతికి ‘తాటిగింజ’ అని కాక ‘తాటిటెంక’ అని రాయాలి. తాబేలు బొమ్మ కింద మీరు ‘మోదుగాకు చిప్ప’ అన్నారు. చిప్ప నిజం తాబేలుకు ఉంటుంది, మీ తాబేలు వీపు మీద ఉన్నది బోర్లించిన డొప్ప.